చివరి వరుసకు ఎవరు చెబుతున్నారు?



ప్రోగ్రెస్ కార్డు చేతికి రాగానే మనం చూసేది ర్యాంకు. తర్వాత అడిగేది ఏ సెక్షన్ అని. చదువు వచ్చేవారిని ఒకవైపు, రానివారిని మరొకవైపు కూర్చోబెట్టడం న్యాయమేనా? క్రైస్తవ మనసు చటుక్కున ‘కాదు’ అంటుంది. కొంచెం ఆగుదాం.

ఖానాపూర్ చుట్టుపక్కల గూడేల నుండి, తండాల నుండి బడికి వచ్చే పసివారిలో చాలామంది ఇంట్లో గోండీయో లంబాడీయో మాట్లాడతారు. టీచరు తెలుగులో ప్రశ్న వేస్తుంది. ఆ బిడ్డ ప్రశ్నను అర్థం చేసుకొని, జవాబు కూర్చుకునేలోగా ముందు బెంచీలో నాలుగు చేతులు లేస్తాయి. ‘వెరీ గుడ్’ అని టీచరు ముందుకు సాగిపోతుంది. పిల్లలతో మాట్లాడించే పాఠమే మంచి పాఠం, నిజమే. కాని ఇక్కడ మాట్లాడిందెవరు?

కెన్యాలో 121 బడులలో జరిగిన ఒక పరిశోధన 2011లో అచ్చయింది. మార్కులను బట్టి పిల్లలను రెండు సెక్షన్లు చేసిన బడులలో కింది సెక్షన్‌వారు కూడా ఎక్కువ నేర్చుకున్నారు. టీచరు వారి స్థాయికి దిగి చెప్పగలగడం దానికి ఒక కారణం. అయితే అక్కడ ఏ సెక్షన్ ఏ టీచరుకన్నది లాటరీ వేసి నిర్ణయించారు. మన దగ్గరో? మంచి టీచరు ‘ఏ’ సెక్షన్‌కు, కొత్తగా చేరినవారు ‘సి’ సెక్షన్‌కు! అన్యాయం ఉన్నదంతా ఇక్కడే అని నాకనిపిస్తుంది.

విచారణ గురువుల పాలక పునీతుడు జాన్ మరియ వియాన్ని లాటిన్ రాక సెమినరీలో వెనుకబడ్డాడు. ఎక్యుల్లీ విచారణ గురువు బాలే ఆయనను విడిగా కూర్చోబెట్టి చదివించారు. 1815లో గురుపట్టం అందింది. అదీ వేరు చేయడమే గదా!

మన రాష్ట్రంలో 2022 ఆగస్టులో ఒకటి నుండి ఐదు తరగతులకు ‘తొలిమెట్టు’ మొదలైంది. చదవడం, రాయడం, లెక్కలు ఎవరికి ఎంతవరకు వచ్చునో చూసి, అక్కడి నుండి నేర్పాలన్నది దాని ఉద్దేశం. చదవడానికి ఒక గంట స్థాయిని బట్టి గుంపులు చేయవచ్చు, మిగిలిన పూటంతా పిల్లలు కలిసే ఉండవచ్చు. తెలుగు వాచకంలో తడబడే పిల్లవాడు లెక్కల్లో ముందుండవచ్చు. అప్పుడు పక్కవాడికి వాడే చెబుతాడు. చెప్పినవాడికీ పాఠం గట్టిపడుతుంది. కాని జూన్‌లో ‘మొద్దు’ అని పేరు పెడితే ఆ పేరు మార్చి దాకా వదలదు, ఒక్కోసారి పెళ్ళి దాకా వదలదు.

ఈసారి బడికి వెళ్ళినప్పుడు మార్కులతో పాటు మరో రెండు సంగతులు అడగండి. చివరి గుంపుకు ఎవరు చెబుతున్నారు? జూన్‌లో అందులో కూర్చున్నవారిలో క్రిస్మస్ నాటికి ఎంతమంది లేచి ముందుకు వచ్చారు? మీ బిడ్డ మొదటి గుంపులో ఉన్నా సరే, అడగండి.