క్షమించుట వేరు, శిక్ష మాఫీ చేయుట వేరు



ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లలు పాపసంకీర్తనానికి వచ్చినపుడు 'సారీ ఫాదర్' అని మొదలుపెడతారు. బస్సులో ఎవరి కాలైనా తొక్కితే సారీ. కన్నతల్లిని నానా మాటలు అన్నా అదే సారీ. ఆ పదానిది తప్పు కాదు. పుండును, నొప్పిని తెలిపే 'సోర్' అనే మాటకు అది చుట్టమే. నొప్పిపడుతున్నవాడు అని దాని పాత అర్థం. వాడగా వాడగా అందులోని నొప్పి అరిగిపోయింది.

ఇంగ్లీషులో ఈ కుటుంబానికి చెందిన మాటలు చాలా ఉన్నాయి. 'అపాలజీ' గ్రీకునుండి వచ్చింది. న్యాయస్థానంలో తన పక్షాన తాను చేసుకొనే వాదన అని అక్కడ అర్థం. అందుకే ప్లేటో వ్రాసిన 'అపాలజీ' ఎంత వెదికినా సోక్రటీసు క్షమాపణ అడిగిన పుట దొరకదు! 'ఎక్స్‌క్యూజ్' లాటిను మాట, నిందనుండి తప్పించుట. రైలు ఆలస్యమై పూజకు ఆలస్యంగా వచ్చినవానికి ఎక్స్‌క్యూజ్ చాలు, అతనివద్ద నేరమే లేదు.

'ఫర్గివ్' సంగతి వేరు. నేరం ఉన్నది, చేసినవాడు తెలిసే చేశాడు, అయినా క్షమ ఇస్తున్నాను అని దాని భావం. 'గివ్', అనగా ఇచ్చుట, ఆ మాటలోనే ఉన్నది. 'పార్డన్' కడుపులో కూడ దానము అనే లాటిను మాట ఉన్నది. కాని వాడుకలో వీటి దారులు వేరుపడ్డాయి. పార్డన్ ముఖ్యంగా శిక్షకు సంబంధించినది. మన రాజ్యాంగం 72వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి పార్డన్ ఇవ్వగలరు. ఫర్గివ్ చేయుట మాత్రం ఏ రాష్ట్రపతికీ సాధ్యం కాదు. అది దెబ్బ తిన్నవారి సొత్తు.

ఈ పదాల గొడవ మనకెందుకని అనవచ్చు. మన విచారణలలో జరిగేది చూడండి. భర్త చేతిలో ఎముకలు విరిగేలా దెబ్బలు తిని పోలీసు స్టేషనుకు వెళ్ళిన ఇల్లాలి వద్దకు సంఘ పెద్దలు వస్తారు. "క్రైస్తవురాలివి కదమ్మా, క్షమించు, కేసు వాపసు తీసుకో" అంటారు. ఆమె మనస్సాక్షి నలిగిపోతుంది. "క్షమించానంటే మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాలా ఫాదర్?" అని అడిగే సోదరీమణులు ఉన్నారు. అక్కరలేదమ్మా. పెద్దలు నిన్ను అడుగుతున్నది ఫర్గివ్ కాదు, పార్డన్. "తాగి ఉన్నాడు, వానికి ఒళ్ళు తెలియదు" అన్నప్పుడు అదీ కాదు, వట్టి ఎక్స్‌క్యూజ్. సువార్త పేరు చెప్పి ఇటువంటి ఒత్తిడి తెచ్చుట నా దృష్టిలో అన్యాయమే.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో రాజు పదివేల తలాంతుల అప్పు వదిలివేశాడు కదా అని పెద్దలు అడగవచ్చు. వదిలివేశాడు. కాని ఆ సొమ్ము రాజుది. ఇరుగుపొరుగువారు వచ్చి వదిలివేయించలేదు. సేవకుడు కూడ అప్పు లేదని బుకాయించలేదు.

1981 మే 13న పునీత పేతురు ఆవరణలో మెహ్మెత్ అలీ అగ్జా పోపు రెండవ జాన్ పాల్‌పై కాల్పులు జరిపాడు. నాలుగు రోజులకే, ఆసుపత్రి పడక మీదనుండి, అతనిని సోదరుడని పిలిచి, క్షమించానని పోపుగారు ప్రకటించారు. అయినా విచారణ ఆగలేదు. ఆ జూలైలో అగ్జాకు యావజ్జీవ శిక్ష పడింది. 1983 డిసెంబరు 27న పోపుగారు రెబిబియా జైలుకు వెళ్ళి, అతని గదిలో ప్రక్కన కూర్చుని మాట్లాడారు. తరువాత ఆయన వాటికనుకు తిరిగి వెళ్ళారు, అగ్జా గదిలోనే ఉండిపోయాడు. పార్డన్ 2000 జూన్‌లో వచ్చింది, అదీ ఇటలీ అధ్యక్షుడు చాంపి చేతులమీదుగా. అక్కడనుండి అతనిని టర్కీకి పంపారు. అంతకు ముందు, 1979లో, ఒక పత్రికా సంపాదకుని చంపిన నేరానికి అక్కడ మళ్ళీ జైలు. 2010లో విడుదలయ్యాడు. 2014 డిసెంబరు 27న, జైలులో కలుసుకున్న అదే తేదీన, రోముకు వచ్చి పోపుగారి సమాధిపై తెల్ల గులాబీలు ఉంచాడు.