దినముల లెక్క

ధ్యాన భాగములు: కీర్తన 90:10–12, మార్కు 7:18–23

కలకత్తా నగరమందలి జొరాసాంకో గృహములో 1941 జూలై 30వ తేదీన రవీంద్రనాథ్ ఠాగూరుగారికి శస్త్రచికిత్స జరిగెను. మూత్రము అడ్డగింపబడి బాధపడుచున్న ఆయనకు వైద్యులు పొత్తికడుపు మీదుగా మూత్రాశయమునకు ద్వారము చేసిరి. ఆ ఉదయముననే ఆయన ఒక కవిత చెప్పి వ్రాయించిరి. ఆగస్టు 7న కన్ను మూసిరి. అప్పటికి ఆయనకు 80 ఏండ్లు. మోషే తన ప్రార్థనలో చెప్పిన పైహద్దు అదే.

విలియం కేరీగారు కలకత్తా చేరిన 1793వ సంవత్సరముననే, ఫ్రాన్సు దేశపు బ్రెస్టు పట్టణములో మలద్వారము లేక పుట్టిన మూడు దినముల శిశువునకు డ్యూరే అను వైద్యుడు పేగునుండి కడుపుమీదికి ద్వారము చేసెను. ఆ శిశువు పెరిగి 45 ఏండ్లు బ్రదికెను.

ఒకరికి ఎనిమిది దినములు, ఒకరికి 45 సంవత్సరములు! ఆయుష్షును కొలిచినది ద్వారము కాదు.

నేడును పేగు కేన్సరువలననో, పుండువలననో, ప్రమాదమువలననో కడుపుపై ద్వారము పొంది, సంచి ధరించి జీవించువారు అనేకులు. “ఇక ఎన్నాళ్లు?” అనునది వారి మొదటి ప్రశ్న. ద్వారము తనంతట తాను ఆయుష్షును తగ్గించదు. దానికి కారణమైన రోగమును బట్టియు, వయస్సును బట్టియు, శరీర బలమును బట్టియు ఆయుష్షు ఉండును. రోగము తొలగినయెడల అందరివలె దీర్ఘకాలము బ్రదుకవచ్చును. కొందరికి కొన్ని నెలల తరువాత ఆ ద్వారము మూసివేయబడును. మిగిలినవారును స్నానము చేయుదురు, ఉద్యోగమునకు వెళ్లుదురు, ప్రయాణములు చేయుదురు, బిడ్డలను కని పెంచుదురు. చర్మమును శుభ్రముగా ఉంచుకొనుట, సంచి నిండకమునుపే ఖాళీచేయుట, చిన్న పేగుకు ద్వారమున్నవారు ఎండకాలమున నీరును ఉప్పును తగ్గనియ్యకుండుట వారు నేర్చుకొనవలసిన పాఠములు.

అయితే విశ్వాసి హృదయములో మరియొక ప్రశ్న దాగియుండును: “దీనిని ధరించి దేవుని మందిరములో ఎట్లు కూర్చుందును? ప్రభువు బల్లయొద్దకు ఎట్లు వత్తును?” మలమును పాళెము వెలుపల కప్పివేయవలెనను ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞ అతనికి జ్ఞాపకము వచ్చును. వెనుక బల్లపై కూర్చుండి, ఆరాధన ముగియకమునుపే లేచిపోవును. కొన్నాళ్లకు రానే రాడు.

అట్టివాడు మార్కు సువార్త ఏడవ అధ్యాయము తెరచి చూడవలెను. కడుపులోనికి పోయి వెలుపలికి వచ్చునది మనుష్యుని అపవిత్రపరచదనియు, హృదయమునుండి వచ్చునదే అపవిత్రపరచుననియు ప్రభువు తేటగా బోధించెను. అది ఏ మార్గమున వెలుపలికి వచ్చినను ఆయన మాట మారదు. చక్కని వస్త్రములు ధరించి అసూయను మోసికొని వచ్చువాని కంటె, సంచి ధరించి విరిగిన మనస్సుతో వచ్చువాడు ప్రభువు బల్లకు దూరస్థుడు కాడు.

సంఘమునకును ఇచ్చట ఒక పని యున్నది. బలహీనమైన అవయవములకే ఎక్కువ ఘనత కలుగవలెనని పౌలు కొరింథీయులకు బోధించెను. వారము వారము ఖాళీగా కనబడు ఆ చోటు ఎవరిదో తెలిసికొని, వారి యింటికి వెళ్లి, ప్రక్కన కూర్చుండి తోడుకొని వచ్చుటయే ఆ ఘనత.

దినములను పొడిగించుమని మోషే అడుగలేదు. లెక్కించుట నేర్పుమని అడిగెను. సిగ్గుతో దాగిన దినములు ఆ లెక్కలో వ్యర్థము కాకుండ, ప్రభువు తన బిడ్డలను తన సన్నిధికి మరల నడిపించును గాక. ఆమేన్.