వెనుకబడినవాని అడుగు చొప్పున

ధ్యాన భాగములు: ఆదికాండము 33:12–17, సంఖ్యాకాండము 12:10–15, యెషయా 52:12

దక్షిణ ఢిల్లీలో కటవారియా సరాయ్ అను పేట కలదు. ఒకప్పుడది పొలముల నడుమ నున్న పల్లె. నగరము దాని చుట్టును పెరిగి దానిని తనలో కలుపుకొన్నది. దాని పొరుగున ఐ.ఐ.టి., మరికొంత దూరమున జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము ఉన్నవి. ఇరుకైన సందులలో అంతస్తుపై అంతస్తు లేచిన యిండ్లు. ప్రతి అంతస్తులోను అద్దె గదులు. ఉద్యోగ పరీక్షలకును పైచదువుల పరీక్షలకును సిద్ధపడుచు, దేశపు నలుమూలల నుండి వచ్చిన యౌవనులు ఆ గదులలో నివసింతురు. వారిలో తెలుగువారును కలరు.

సరాయ్ అనగా బాటసారులు దిగు సత్రము. బేర్ సరాయ్, జియా సరాయ్, కాలూ సరాయ్, లాడో సరాయ్ అను పొరుగు పేటల పేర్లలోను ఆ మాటయే వినబడుచున్నది. అద్దె గదులలో దిగిన ఆ యౌవనులకు ఈ పేరు ఎంతయో తగినది. వారు అక్కడ ఉండిపోవుటకు రాలేదు. ఒకడు పరీక్షలో నెగ్గి సంతోషముతో పెట్టె సర్దుకొనును. మరియొకడు తప్పి, ఇంకొక సంవత్సరపు అద్దెకు తండ్రిని ఎట్లడుగుదునా యని రాత్రులు మేలుకొనియుండును.

అట్టి గది యొకదానిలో ఐదుగురు తెలుగు మిత్రులున్నట్లు మనస్సులో ఊహించుకొనుడి. ఇది ఉపమానముగా చెప్పబడు చిత్రమే. అయినను మిత్రులతో కూడి కొన్ని దినములు సైకిలుపై ప్రయాణము చేసినవారు దీనిని వెంటనే గుర్తుపట్టుదురు. మూడేండ్లుగా వారికి ఒకే గది, ఒకే వంట, ఒకే పరీక్ష. ఈ సంవత్సరము నలుగురు నెగ్గిరి. ఐదవవాడు మూడవమారును తప్పెను. నెల దినములలో నలుగురును వేర్వేరు ఊళ్లకు ఉద్యోగములకు పోవుదురు. అంతవరకు ఐదు పాళ్లుగా పంచుకొన్న అద్దె ఇక ఐదవవాని ఒక్కని మీదనే పడును. ఈ మాట ఎవరును పైకి అనలేదు.

విడిపోకమునుపు ఒక్కసారి అందరును కలిసి సైకిళ్లపై ఆగ్రాకు పోయి రావలెనని వారు తలంచిరి. అది మార్చి నెల చివర. నలుగురికి గేర్లు గల తేలిక సైకిళ్లు దొరికినవి. ఐదవవాడు పొరుగువారిని అడిగి ఒక బరువైన పాత సైకిలు తెచ్చుకొనెను. తెల్లవారకముందే బయలుదేరి, మథురా రోడ్డు పట్టి, ఫరీదాబాదు, బల్లభ్‌గఢ్, పల్వల్, హోడల్ దాటి తొలి రాత్రి కోసీలో నిలిచిరి. మరునాడు మథుర మీదుగా ఆగ్రా చేరిరి. దూరము 200 కిలోమీటర్లకు పైమాటే. ఆ త్రోవలో మొగలుల నాటి క్రోసు స్తంభములు ఇప్పటికిని అక్కడక్కడ నిలిచియున్నవి. ఒకప్పటి బిడారులు వాటిని చూచి దూరమును లెక్కించుకొనెడివి.

వెళ్లునప్పుడు గాలి వారి వీపున ఉండెను. నవ్వులును పాటలును సాగినవి. ఎవడు బలవంతుడో, ఎవడు బలహీనుడో ఆ రెండు దినములు తెలియనే లేదు. మరలి వచ్చునప్పుడు వాయవ్యపు గాలి ఎదురాయెను. నాలుగవ దినము మధ్యాహ్నము, హోడల్ దాటిన పిమ్మట ఐదవవాడు చేయి ఊపి, “మీరు పదండిరా, నేను వెనకాల వస్తా” అనెను. నలుగురు ఆ మాటను నమ్మిరి. నమ్ముట వారికి సుళువుగానే యుండెను. పల్వల్ దగ్గర టీ కొట్టునొద్ద దిగి, ఐదు టీలు చెప్పి, ఐదవ గ్లాసు ఎవరి చేతికిని పోక బల్లమీద మిగిలినప్పుడు గాని వారు వెనుకకు చూడలేదు. ఫోను చేసిరి. అది మ్రోగెను, ఎవరును ఎత్తలేదు.

ఐదవవాని సైకిలు చెడలేదు. అతడు త్రోవ ప్రక్కన ఒక వేపచెట్టు క్రింద కూర్చుండి, మ్రోగుచున్న ఫోనును చూచుచుండెను. తన కొరకు ఎవరికిని ఆగవలసిన పని లేకుండ చేయవలెనని అతడు నిశ్చయించుకొని యుండెను.

మనుష్యుడు వెనుకబడుట ఎట్లు జరుగునో సైకిలు స్పష్టముగా నేర్పును. సమతలమైన త్రోవలో గంటకు 20 కిలోమీటర్ల వేగము దాటినయెడల, త్రొక్కువాని శ్రమలో అధిక భాగము గాలిని చీల్చుటకే వ్యయమగును. ముందుగా పోవువాడు ఆ గాలిని తాను భరించును. అతని చక్రమునకు సమీపముగా వెంబడించువానికి శ్రమ నాలుగవ వంతు వరకు, కొన్నిసార్లు అంతకంటె ఎక్కువగా తగ్గును. అందుచేతనే కలిసి పోవువారు వంతులవారీగా ముందునకు వచ్చి గాలిని మోయుదురు. అయితే ఈ మరుగు కొద్ది గజముల మేరకే దొరకును. అలసినవాడు ఒక్కసారి ఆ మేర దాటి వెనుకబడెనా, అప్పటివరకు ఇతరులు మోసిన గాలియంతయు అతని రొమ్మున తగులును. అందరికంటె తక్కువ బలము గలవాడు అందరికంటె ఎక్కువ గాలిని ఒంటరిగా ఎదుర్కొనవలసి వచ్చును. ఎడము పెరిగిన కొలది అతని బలము తరుగును. బలము తరిగిన కొలది ఎడము పెరుగును. ముందున్నవారికి వాడు నెమ్మదిగా వచ్చుచున్నట్లు తోచును. వాడు నిజముగా కూలిపోవుచుండును.

సైకిలు చరిత్రలో నొక విశేషము కలదు. ఫ్రాన్సు దేశీయుడైన ఆఁరీ దెగ్రాంజ్ 1903లో టూర్ ద ఫ్రాన్స్ అను ప్రఖ్యాత పందెమును ఆరంభించెను. అందులో ముందు చేరినవానికే జయము. ఆయనయే 1904లో మరియొక విధమైన ప్రయాణమునకు నియమములు ఏర్పరచెను. అందులో అందరును ఒక గుంపుగా, నాయకుడు నిర్ణయించిన ఒకే వేగముతో సాగవలెను. సైకిలొకటే, త్రోవయొకటే, ఒకదానిలో తోటివాడు ఓడింపవలసినవాడు, రెండవదానిలో వెంటబెట్టుకొని పోవలసినవాడు. కటవారియా సరాయ్ గదులలోని యౌవనులకు లోకము మొదటి విధమును మాత్రమే నేర్పుచున్నది. సంఘము రెండవదానిని నేర్పవలసియున్నది.

లేఖనములలో ఒక ప్రయాణమును గమనింపుడి. ఇరువది యేండ్ల ఎడబాటు తరువాత ఏశావును యాకోబును కలిసికొని ఏడ్చిరి. కలిసి ప్రయాణము చేయుదమని ఏశావు పిలిచెను. పిల్లలు లేతవారనియు, మందలలో పాలిచ్చునవి ఉన్నవనియు, ఒక్క దినము వడిగా తోలినను అవి చచ్చుననియు యాకోబు బదులు చెప్పెను. మందల నడకను బట్టియు పిల్లల నడకను బట్టియు తాను మెల్లగా వత్తుననెను. హెబ్రీ మూలములో ఇచ్చట వాడబడిన మాట రెగెల్, అనగా పాదము. పిల్లల పాదము చొప్పున అని దాని అర్థము. తెలుగులో ‘అడుగు’ అను మాట పాదమునకును, పాదము వేయు అంగకును చెల్లును గనుక, పిల్లల అడుగు చొప్పున అనినయెడల మూలభావము చక్కగా అమరును. కుటుంబమును నడపువానికి, సంఘమును నడపువానికి ఇంతకంటె మంచి కొలబద్ద దొరకదు.

అయితే లేఖనము యాకోబును పొగడి ఊరకుండదు. శేయీరునకు వచ్చి కలిసికొందునని అతడు చెప్పెను, పోయినది సుక్కోతుకు. తన మనుష్యులలో కొందరిని తోడుగా ఉంచెదనని ఏశావు అడిగినను యాకోబు వద్దనెను. ఏశావు ఆ దినమే తన త్రోవను వెళ్లిపోయెను. ఆ అన్నదమ్ములు మరల ఒక్కచోట కనబడునది తండ్రియైన ఇస్సాకును పాతిపెట్టునప్పుడే (ఆది 35:29). మీరు ముందు పొండి, నేను వెనుక వత్తునను మాట మర్యాదగల మాట. దానిలో భయము దాగవచ్చును, సిగ్గు దాగవచ్చును, విడిపోవలెనను తీర్మానము దాగవచ్చును. ఏశావు ఒక్కసారి అడిగి ఊరకుండెను. రెండవమారు అడిగియుండిన ఏమి జరిగియుండునో మనకు తెలియదు. ప్రేమ రెండవమారును అడుగును.

అరణ్య ప్రయాణములో ఇశ్రాయేలీయులు ఈ పాఠమును బాధతో నేర్చుకొనిరి. అమాలేకీయులు వారి ముందరి వరుసను ఎదిరింపలేదు; అలసి సొలసి వెనుకబడినవారిని హతము చేసిరి (ద్వితీ 25:17–18). అక్కడ వాడబడిన హెబ్రీ క్రియ ‘తోక’ అను మాట నుండి పుట్టినది. జనము యొక్క తోకను శత్రువు తెగగొట్టెను. ఆ తరువాత పాళెములు సాగు క్రమము నియమింపబడినప్పుడు, దాను గోత్రము అన్నిటికిని వెనుక నడచెను (సంఖ్యా 10:25). వెనుకటి కావలి అని మనము చదువుచోట హెబ్రీలో మెఅస్సేఫ్ అని యున్నది. సమకూర్చువాడు, ఏరుకొనువాడు అని దాని అర్థము. నేటికిని అనుభవము గల సైకిలు బృందములలో చివరగా వచ్చు బాధ్యతను బలహీనునికి అప్పగింపరు. పంపును, ట్యూబును, ప్యాచీలను, స్పానరును దగ్గర ఉంచుకొన్న నేర్పరి చివర వచ్చును. అతని వెనుక ఎవరును మిగులరాదు.

ఆ ‘సమకూర్చు’ అను ధాతువే మిర్యాము కథలోను కలదు. మోషేకు విరోధముగా మాటలాడి ఆమె కుష్ఠు పొందెను. ఏడు దినములు పాళెము వెలుపల ఉంచబడెను. తప్పు ఆమెదే. అయినను ఆమె సమకూర్చబడువరకు జనము ముందుకు సాగలేదని లేఖనము చెప్పుచున్నది. బిడ్డయైన మోషే కొరకు ఆమె నైలునది యొద్ద కొంతసేపు కనిపెట్టియుండెను గనుక జనులందరు ఆమె కొరకు ఏడు దినములు కనిపెట్టిరని యూదుల పూర్వ బోధకులు వివరించిరి. వాగ్దాన దేశము ఎదుట నుండగా సమాజమంతయు ఒక స్త్రీ కొరకు ఆగెను! ఆలస్యమైనదని యెహోవా వారిని గద్దింపలేదు.

తుదకు ఈ మాటను దేవుడు తనకే తగిలించుకొనుచున్నాడు. బబులోను నుండి మరలివచ్చు ప్రజలకు ప్రవక్త ఇచ్చిన వాగ్దానములో వారు త్వరపడి పారిపోవుట లేదు. యెహోవా వారి ముందర నడచును. ఇశ్రాయేలు దేవుడే వారి మెఅస్సేఫ్ అగును (యెషయా 52:12). తలిదండ్రులు విడిచినను యెహోవా చేరదీయునని కీర్తనకారుడు నమ్మినప్పుడు పలికినదియు ఈ క్రియయే (కీర్తన 27:10).

ఈ రెండు స్థానములును క్రీస్తునందు నెరవేరినవి. యెరూషలేము త్రోవలో ఆయన శిష్యులకు ముందుగా నడచెను. వారు విస్మయమొంది భయపడిరి (మార్కు 10:32). పాపపు గాలి, మరణపు గాలి మొదట ఆయన రొమ్మునే తాకెను. హెబ్రీయుల పత్రిక ఆయనను మనకు ముందుగా ప్రవేశించినవాడని పిలుచుచున్నది (6:20). అయితే ఆ త్రోవలోనే, సిలువ తొందరలో నున్నను, యెరికో దగ్గర ఒక గ్రుడ్డివాడు కేక వేయగా జనసమూహము వానిని ఊరకుండుమని గద్దించెను. యేసు మాత్రము నిలిచెను (మార్కు 10:49). లోకమును రక్షింప పోవుచున్నవాడు ఒక భిక్షకుని కొరకు నిలిచెను. ఎవని కొరకైనను ఆగుటకు తీరిక లేదనువాడు ఆయనకంటె గొప్ప పని మీద పోవుచున్నాడా?

సైకిలు ప్రయాణము కొందరికి వినోదము, కొందరికి ప్రాణాధారము. 2020 మే నెలలో దేశమంతయు మూయబడియుండగా, ఢిల్లీ ప్రాంతము నుండి వలసకూలీలు గుంపులుగా నడచియు సైకిళ్లు త్రొక్కియు స్వగ్రామములకు తరలిరి. ఆ దినములలోనే పదునైదేండ్ల బాలిక యొకతె, గాయపడి త్రొక్కలేని తండ్రిని సైకిలు వెనుక కూర్చుండబెట్టుకొని, గురుగ్రామ్ నుండి బీహారులోని దర్భంగా వరకు సుమారు 1,200 కిలోమీటర్లు వచ్చెను. ఆ తండ్రి మీరు పొండి అన్నను ఆమె పోయెడిది కాదు. బరువుతోనే ఇల్లు చేరెను.

ఢిల్లీలోనేమి, హైదరాబాదులోనేమి, మన సంఘములలో ఫలితములు వచ్చిన ఆదివారమున నెగ్గినవారి పేర్లు చదివి స్తోత్రము చెల్లింతురు. అది మంచిదే. తప్పినవాడు ఆ ఆదివారము వచ్చెనా అని చూచువారెవరు? ఉద్యోగము పోయినవాడు, వివాహము తెగినది, అప్పులపాలైనవాడు మొదట చివరి బల్ల మీదికి, తరువాత గుమ్మము దగ్గరకు, తరువాత వెలుపలికి జరుగుదురు. “మీరు కానివ్వండి, నేను తరువాత వస్తాను” అందురు. మనము నమ్ముదుము. నమ్ముట సుళువు.

ఉపమానములోని నలుగురిలో అందరికంటె బలముగలవాడు టీ గ్లాసు దించి సైకిలు వెనుకకు త్రిప్పెను. తొమ్మిది కిలోమీటర్లు పోయి వేపచెట్టు క్రింది మిత్రుని చూచెను. ఏమియు బోధింపలేదు. “లేరా, నా చక్రం వెనకే రా” అని మాత్రము చెప్పి, వాని అడుగు చొప్పున, గాలికి తానడ్డముగా ముందు త్రొక్కెను. పల్వల్‌లో ముగ్గురు కనిపెట్టుకొని యుండిరి. పొద్దు గ్రుంకులోపు చేరవలసినవారు అర్ధరాత్రికి కటవారియా సరాయ్ చేరిరి, ఐదుగురును చేరిరి. గది అద్దె మాట మొదటిసారి ఆ రాత్రియే పైకి వచ్చెను. రాబోవు సంవత్సరమంతయు అది ఐదు పాళ్లుగానే సాగవలెనని నలుగురు పట్టుపట్టిరి. ఐదవవాడు నాలుగవమారు నెగ్గెనా? ఉపమానము ఆ సంగతి చెప్పదు. వాని కొరకు ఆగుటకు ఆ సంగతి ముందుగా తెలియనక్కరలేదు.

ప్రార్థన: మాకు ముందుగా నడచుచు, మా వెనుక మమ్మును సమకూర్చుచున్న ప్రభువా, మేము విడిచి వచ్చినవారిని మాకు జ్ఞాపకము చేయుము. వెనుకకు తిరుగు మనస్సును, గాలికి అడ్డుపడు బలమును దయచేయుము. మేమే వెనుకబడిన దినమున, వచ్చి పిలుచువారిని త్రోసివేయకుండ మా సిగ్గును తీసివేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.