గడప దాకా వచ్చిన గురువు

మంచి గురువును ఆయన చెప్పిన పాఠంతో గుర్తుపెట్టుకోవడం మనకు అలవాటు. ఫలానా సారు చెబితే ఎంత మొద్దుకైనా లెక్కలు వచ్చేవంటాం. ఫలానా తెలుగు సారు పద్యం ఎత్తుకుంటే పక్క తరగతి పిల్లలూ చెవులు అటే వేసేవాళ్ళంటాం. మా గోనెగండ్ల వైపు నుంచి ఆలోచిస్తే మాత్రం నాకు ఆ కొలత చాలదనిపిస్తుంది. పాఠం వినాలంటే ముందు పిల్లవాడు బడిలో ఉండాలి గదా!

కర్నూలు పడమటి పల్లెల్లో పంటల కాలం ముగిసేసరికి వీధులకు వీధులే తాళాలు వేసుకుంటాయి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం చుట్టుపక్కల నుంచి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతాయి. గుంటూరు వైపు పత్తి తీస్తారు, మిరపకాయలు కోస్తారు. పసిపిల్లలు అమ్మ వెంట పోతారు. కాస్త ఎదిగినవాళ్ళు పెద్దలతో పాటు చేలో దిగుతారు. తిరిగి ఊరు చేరేసరికి తరగతి చాలా దూరం పోయి ఉంటుంది. అందుకోలేని పిల్లవాడు మరుసటి ఏడాది బడి మొహం చూడడు.

తల్లిదండ్రులకు చదువు విలువ తెలియక ఇలా చేస్తారనడం అన్యాయం. అప్పెంత, వడ్డీ ఎంత, ఇంకొక మనిషి కాయలు కోస్తే చేతికొచ్చేది ఎంత అన్నది వాళ్ళ లెక్క. అందులో తప్పు లేదు. చదువు ఇచ్చేది ఎప్పుడో పదేళ్ళకు. వడ్డీ కట్టవలసింది ఈ నెల. అటువంటి ఇంటి గడప ముందు నిలబడి, "పిల్లోడిని మాత్రం ఇక్కడే వదిలిపోన్నా, నేను చూసుకుంటా" అనే అయ్యవారు చేస్తున్న పని ఏమిటి? సరైన లెక్క ఎదుట, లెక్కకు అందని దాన్ని తెచ్చి పెట్టడం. బోధన అసలు మొదలయ్యేది అక్కడేనని నా నమ్మకం.

ఇది మన సీమకే పరిమితమైన కథ కాదు. అల్జీర్స్‌లో ఒక పేదవాడలో పెరిగిన ఆల్బేర్ కామూకు తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో పోయాడు. తల్లి ఇళ్ళలో పాచిపని చేసేది. ప్రాథమిక బడి కాగానే మనవడు పనిలో చేరి నాలుగు డబ్బులు తేవాలన్నది ఇంటి పెత్తనం చేసే అవ్వ మాట. లూయీ జెర్మేన్ అనే పంతులు ఆ ఇంటికి వెళ్ళి ఆమెను ఒప్పించాడు. స్కాలర్‌షిప్ పరీక్షకు రుసుము లేకుండా విడిగా పాఠాలు చెప్పాడు. 1957లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు, తల్లి తర్వాత తనకు గుర్తొచ్చింది మీరేనని కామూ ఆ పంతులుకు ఉత్తరం రాశాడు. పుస్తకంగా వచ్చిన నోబెల్ ప్రసంగాలను ఆయనకే అంకితమిచ్చాడు.

ఇక్కడ నన్ను వేధించే ప్రశ్న ఒకటుంది. ఒప్పించడం వరకే గురువు వంతు. తగ్గిన కూలి భారం మోసేది ఆ కుటుంబం. వాళ్ళ కష్టంతో వాళ్ళ బిడ్డను చదివించమనే హక్కు ఆయనకు ఎక్కడిది? ఆ భారంలో ఒక మూల తానూ భుజం పెట్టినప్పుడే ఆ హక్కు వస్తుంది. జెర్మేన్ ఇచ్చింది తన సాయంకాలాలు. అదీ లేకపోతే ఎంత గొప్ప గురువు మాటయినా ఉచిత సలహాగానే మిగులుతుంది.

అటువంటి కథ మా దగ్గరా ఒకటుంది. మా ఊరి దగ్గర హంద్రీ నది మీదున్న గాజులదిన్నె ప్రాజెక్టుకు సంజీవయ్య సాగర్ అని పేరు పెట్టారు. దామోదరం సంజీవయ్య 1921లో కర్నూలు దగ్గరి పెద్దపాడులో సొంత భూమి లేని దళిత కుటుంబంలో పుట్టాడు. పసికందుగా ఉన్నప్పుడే తండ్రి పోయాడు. చిన్నతనంలో పశువులు కాశాడు. అన్న చిన్నయ్య అండతో చదువు సాగింది. బళ్ళారిలో చిన్న ఉద్యోగం చేసుకుంటున్న రోజుల్లో అక్కడి జిల్లా జడ్జి ఆయన్ను లా చదవమని ప్రోత్సహించాడు. మద్రాసు వెళ్ళిన సంజీవయ్య ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పి, ఆ జీతంతో హాస్టలు ఖర్చు గడుపుకుంటూ 1948లో పట్టా పుచ్చుకున్నాడు. 1960లో ముఖ్యమంత్రి అయ్యాడు. దేశంలో ఆ పదవికి చేరిన తొలి దళితుడు ఆయనే.

ఆ జడ్జి బడిపంతులు కాడు. ఉద్యోగం దొరికింది కదా, ఇంతటితో చాలనుకునే చోట, ఇంకా ముందుకు పొమ్మన్నాడు, అంతే. అయినా ఆ క్షణానికి ఆయన గురువే. అన్న మోసిన బరువు, జడ్జి చెప్పిన మాట, చదువుకునేవాడి సొంత కష్టం మూడూ కలిస్తేనే ఆ చదువు నిలబడింది. గురువు ఒక్కడే చేశాడనడం అతిశయోక్తి. గురువు లేకున్నా జరిగేదనడం కృతఘ్నత.

గురుఋణం తీర్చడమంటే గురువుకు శాలువా కప్పడం కాదు. కాలువకు వదిలిన నీళ్ళు మళ్ళీ ఏటికి ఎదురెక్కవు, కింది చేలకే పోతాయి. ఈ ఋణమూ కిందికే తీరాలి. ఈ ఏడు సుగ్గి మొదలయ్యాక మీ వీధిలో ఒక పిల్లవాడు అవ్వ దగ్గరో, వలస పోయినవాళ్ళ పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్‌లోనో మిగిలిపోతే, ఆ బరువును పంతులు మీదే వదిలెయ్యకండి. మీ చదువు కోసం ఎవరో ఒకరు మీ గడప తొక్కే ఉంటారు. ఆ పిల్లవాడి కోసం ఈసారి మీరు వెళ్ళండి.