బావగారు వెళ్ళాకే అమ్మవారు

నవంబరులో బదరీనాథ్ ఆలయం తలుపులు మూసేటప్పుడు ఒక తంతు జరుగుతుంది. వేసవంతా గర్భాలయంలో నారాయణుడి దగ్గర ఉద్ధవుడు, కుబేరుడు ఉంటారు. లక్ష్మీదేవి అదే ఆవరణలో వేరే గుడిలో ఉంటుంది. చలికాలమంతా ఆమె స్వామి పక్కన ఉండాలి. కాని ఉద్ధవుడు కృష్ణుడికి వరసకు అన్న అని అక్కడివారి నమ్మకం, అంటే అమ్మవారికి బావగారు. బావగారు కూర్చున్న గదిలోకి ఆ ఇంటి కోడలు ఎలా వస్తుంది? అందుకని ముందు ఉద్ధవుణ్ణి బయటికి తెస్తారు. ఆ తర్వాత కేరళ నంబూద్రి అయిన ప్రధానార్చకుడు రావల్, ఆడవేషం కట్టి, అమ్మవారికి చెలికత్తెగా మారి, ఆమెను తెచ్చి స్వామి పక్కన కూర్చోబెడతాడు. మాణా గ్రామపు ఆడవాళ్ళు ఒక్క రోజులో నేసిన ఉన్ని కంబళికి నెయ్యి పట్టించి స్వామికి కప్పుతారు. అఖండజ్యోతి వెలిగించి తలుపులు మూస్తారు. ఉద్ధవ కుబేరులు పాండుకేశ్వర్‌కు, ఆదిశంకరుల గద్దె జోషీమఠ్ నరసింహాలయానికి దిగుతాయి.

మరి ఆ ఆరు నెలలూ స్వామి ఎక్కడున్నట్టు? మంచులో ఉన్న మూర్తికి దేవతలు పూజ చేస్తారని, నారదుడు అర్చకుడని పెద్దలు చెబుతారు. కింద పాండుకేశ్వర్‌లోనూ పూజ ఆగదు. రెండు చోట్లా ఉన్నాడన్నదే సంప్రదాయం ఇచ్చే జవాబు. సాధకుడికి ఇంతకంటే ఊరట ఉందా? ధ్యానం కుదిరిన నాలుగు నెలలు స్వామి ఉన్నాడని, మనసు ఎండిపోయిన నాలుగు నెలలు వెళ్ళిపోయాడని ఏడుస్తాం. తలుపు మూసుకున్నది మన వైపు నుంచి. లోపల దీపం వెలుగుతూనే ఉంది.

ఉద్ధవుడు ముందు లేవడంలో నాకు ఇంకో అర్థం కనిపిస్తుంది. భాగవతం ఏకాదశ స్కంధంలో కృష్ణుడు జ్ఞానమంతా బోధించి బదరికాశ్రమానికి పంపింది ఈ ఉద్ధవుణ్ణే. ఆయన జ్ఞానచర్చకు రూపం. ఆ చర్చ ఎంత గొప్పదైనా, జీవుడికీ దేవుడికీ మధ్య ఏకాంతం ఏర్పడే వేళకు అది మర్యాదగా లేచి బయటికి రావాలి. లేచి ఎక్కడికి పోతుంది? జనం ఉండే చోటికి, పాండుకేశ్వర్‌కు. చలికాలంలో జ్ఞానం ఊళ్ళో ఉండాలి, ప్రేమ గర్భాలయంలో ఉండాలి. మనలో చాలామందిమి దీన్ని తిరగేస్తాం. ఒంటరిగా కూర్చున్నప్పుడు వాదాలు నెమరేస్తాం, నలుగురిలో భక్తి ప్రదర్శిస్తాం.

ఇక దారి సంగతి. కేదారనాథుడి పంచముఖ మూర్తి యమద్వితీయనాడు డోలీలో బయలుదేరి, రాంపూర్‌లో ఒక రాత్రి, గుప్తకాశీలో ఒక రాత్రి ఆగి, మూడో రోజుకు తన చలికాలపు ఇల్లైన ఊఖీమఠ్ చేరుతుంది. ఈ పైకీ కిందికీ రాకపోకలకు ఎన్ని ఆటంకాలో! 2013 జూన్ 17 ఉదయం చోరాబారీ సరస్సు గట్టు తెగి కేదార్ మీద వరద విరుచుకుపడింది. దారిలోని రాంబాడా తుడిచిపెట్టుకుపోయింది. ఎంతోమంది యాత్రికులు పోయారు, వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. నడి వేసవిలో స్వామికి చలికాలపు ఇంట పూజలు చేయవలసి వచ్చింది. కేదార్‌లో అర్చన మళ్ళీ మొదలైంది సెప్టెంబరు 11న. 2020లో కరోనా వచ్చింది. కేదార్ డోలీ గౌరీకుండ్ దాకా వాహనంలో వెళ్ళింది. కేరళ నుంచి వచ్చిన రావల్ క్వారంటైన్‌లో ఉండాల్సి రావడంతో ఏప్రిల్ 30న తెరవాల్సిన బదరీ తలుపులు మే 15న తెరిచారు.

ఆపద ఎక్కువగా పొంచి ఉండేది ఇటూ అటూ కాని చోటే. పతంజలి యోగసూత్రాల కైవల్యపాదంలో ఇదే హెచ్చరిక ఉంది. వివేకం కుదిరిన చిత్తంలో కూడా, మధ్యలో ఏర్పడే సందుల్లో పాత సంస్కారాల నుంచి వేరే తలపులు లేస్తాయంటాడు. జపం ముగిసి పీట మీద నుంచి లేచిన మొదటి ఐదు నిమిషాలు చూడండి. కుక్కర్ కూత వేస్తుంది, ఫోను మోగుతుంది. లోపల చల్లబడ్డ మనిషే గుమ్మం దాటగానే కోడలి మీదో కొడుకు మీదో అరుస్తాడు. జపం వృథా అయిందనుకుంటాడు. జపానికేమీ కాలేదు, డోలీ మోసే పద్ధతి తెలియలేదు. బదరీలో ఎవరు ముందు లేవాలి, ఎవరు తర్వాత రావాలి, ఏం కప్పాలి అన్నీ ఏర్పాటై ఉన్నాయి. మన ధ్యానం నుంచి మన వంటింటికి అలాంటి క్రమం లేదు.

పిల్లల దగ్గరికి ఆరు నెలలు అమెరికా వెళ్ళే మన పెద్దవాళ్ళకు ఇలాంటి క్రమం ఎందుకో బాగా తెలుసు. నిత్య నైవేద్యం తప్పకూడని సాలగ్రామం ఇంట్లో ఉంటే, టికెట్ల కంటే ముందు దాని సంగతి చూసుకుంటారు. ఆచారమున్న బంధువుల ఇంట అప్పగించి, మహానైవేద్యం ఏ వేళకో, అభిషేకం నీళ్ళు ఏ చెంబుతోనో చెప్పి మరీ వెళతారు. తులసికోటకు నీళ్ళు పోసే మనిషిని మాట్లాడతారు. అయినా తిరిగొచ్చేసరికి తులసి ఎండి, పూజామందిరం వెనక చెక్కకు చెదలు పట్టి ఉండవచ్చు. బదరీలో తలుపులు తెరిచినప్పుడు కంబళికి నెయ్యి తడి ఆరకుండా ఉంటే దేశానికి శుభమని నమ్ముతారు. అలా మనమూ చూసుకోవలసినది ఒకటుంది. వెళ్ళేముందు స్వామికి కప్పిన ప్రేమ ఇంకా తడిగా ఉందా?

2023 జనవరిలో శంకరుల గద్దె దిగే చలికాలపు ఇల్లే కదిలింది. జోషీమఠ్‌లో నేల కుంగి 800కు పైగా కట్టడాలు బీటలు వారాయి. అక్కడి నరసింహమూర్తి చేయి నానాటికీ సన్నబడుతోందని, అది విరిగిన నాడు నర నారాయణ పర్వతాలు కలిసిపోయి బదరీకి దారి మూసుకుపోతుందని స్థలపురాణం. ఆనాటి కోసం తపోవన్ దగ్గర సుభాయీలో భవిష్య బదరీ ఇప్పటికే ఉంది, అక్కడ ఇప్పటికే అర్చన జరుగుతోంది. డెబ్భై దాటిన మా పెద్దలు కొందరు జపమాల పక్కన పెట్టి మానసిక జపంలోకి ఎందుకు మారతారో, ఆ గుడి సంగతి తెలిశాకే నాకు బోధపడింది. వేళ్ళు వణికి మాల జారిపోయే రోజు ఒకటి వస్తుందని వాళ్ళకు తెలుసు. ఈ ఇంట్లో అర్చన సాగుతుండగానే ఆ ఇంట్లో కూడా దీపం పెడుతున్నారు.