అటక మీది కాయ

మా ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే చోటు అటక ఒక్కటే. కింద ఎటు తిరిగినా కొబ్బరి చప్పుళ్లే. దింపు కాయలు కుప్ప పోస్తున్న చప్పుడు, పీచు ఒలుస్తున్న చప్పుడు, లారీకి ఎత్తేవాళ్ల కేకలు. అంబాజీపేటలో పుట్టినవాళ్ల చెవికి ఇవి ఆనవు. అటక మీద మాత్రం వేల కాయలు ఏ పనీ లేనట్టు పడి ఉంటాయి. చిన్నప్పుడు వాటికి నేను పెట్టిన పేరు బద్ధకం కాయలు.

మా నాన్నగారిది కురిడీ వ్యాపారం, చిన్నదే. ముదిరిన కాయని అటకెక్కించి పది నెలలో ఏడాదో వదిలేస్తే లోపలి నీళ్లు ఇంకిపోతాయి. కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా విడిపడుతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గుండు తగిలి చప్పుడవుతుంది. అదీ కురిడీ. ఉత్తరాది పెళ్లిళ్లకీ పండగలకీ మన దగ్గర్నుంచి వెళ్లేది ఇదే. వెయ్యి కాయల లెక్కన బేరం. గండేరా రకానికి ఎక్కువ ధర, గటగట రకానికి తక్కువ.

ఆ లెక్కన నేను గటగట రకం. ఇంజనీరింగ్ నాలుగేళ్లకీ కలిపి నా సగటు 10కి 6.2. మొదటి రెండేళ్లు 5.4, తర్వాతి రెండేళ్లు 7. మధ్యలో నాలుగు సబ్జెక్టులు తప్పి మళ్లీ రాశాను. ఈ అంకెలు పట్టుకుని విదేశాల్లో ఎంఎస్‌కి దరఖాస్తు చేస్తున్నానని చెబితే మా వీధిలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. అందరూ జాలిపడ్డారు.

మార్కులు ఎందుకు తగ్గాయో రాయమని దరఖాస్తులో ఒక గడి ఉంది. రాయడం మన ఇష్టం, రాయకపోయినా తప్పు లేదు. ఆ గడి ముందు నేను పదకొండు రోజులు కూర్చున్నాను. ఎందుకంటే నా దగ్గర మంచి కారణం లేదు. ఇంట్లో ఎవరికీ జబ్బు చేయలేదు. తుపానుకి తోట పడిపోలేదు. హాస్టల్లో పడుకున్నాను, ఫోన్ చూశాను, మొదటి సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు అర్థం కాకపోతే అడగడానికి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు ముదిరి క్లాసుకే వెళ్లడం మానేశాను. ఇంతే కథ. ఇందులో ఎవరికీ కన్నీళ్లు రావు.

హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లకి ఫోన్ చేసి ఈ మాటే చెప్పాను. అవతలి అబ్బాయి చాలా మర్యాదగా, "ఫాదర్‌కి హార్ట్ ఎటాక్ వచ్చిందని రాద్దామండీ. చాలామంది రాస్తారు, ఏం కాదు" అన్నాడు. అదే సమయానికి కింద నాన్నగారు ఫోన్‌లో ఎవరితోనో వెయ్యికి ఐదొందల దగ్గర హోరాహోరీగా బేరమాడుతున్నారు. ఆ గొంతు వింటూ ఆ వాక్యం టైప్ చేయడానికి చెయ్యి రాలేదు. పాపభయం అనుకున్నాను ముందు. తర్వాత ఆలోచిస్తే అది భయం కాదు, ప్రశ్న: తప్పు చేసినవాడికి క్షమ అడిగే హక్కు ఉందా? ఉంటే, దేన్ని చూపించి అడగాలి?

మన కర్మ సిద్ధాంతం ఈ విషయంలో మెతక కాదు. వదిలిన బాణం ప్రారబ్ధం, అది తగలవలసిన చోట తగిలే ఆగుతుందని చిన్నప్పటి నుంచీ విన్నాం. నా మార్కుల మెమో వదిలిన బాణమే. పైగా ఈ బాణం దేశాలు దాటేకొద్దీ ఆకారం మారుస్తుంది. జర్మనీ వాళ్లకి బవేరియన్ సూత్రం అని ఒకటుంది. గరిష్ఠ మార్కులోంచి మన మార్కు తీసేసి, గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. 10 గరిష్ఠం, 5 పాస్ మార్కు అయితే నా 6.2 అక్కడ 3.28 అవుతుంది. అక్కడ ఒకటే గొప్ప, నాలుగు దాటితే తప్పినట్టు. అంకె పెరిగేకొద్దీ మనిషి తగ్గుతాడన్న మాట. అమెరికాలో మళ్లీ 4కి లెక్క, మామూలుగా 3 ఉండాలంటారు. కొన్ని యూనివర్సిటీలు మాత్రం నాలుగేళ్ల సగటు పక్కన పెట్టి చివరి 60 క్రెడిట్లు, అంటే దాదాపు చివరి రెండేళ్ల చదువు చూస్తాయి.

ఇది మామ్మకి చెబితే వెంటనే, "అయితే అజామిళుడి లెక్కన్నమాట" అంది.

మామ్మ రోజూ భాగవతం చదువుకుంటుంది. పోతన భాగవతం అంటాం గానీ అజామిళుడి కథ ఉన్న ఆరో స్కంధం తెలుగు చేసింది ఏర్చూరి సింగన అని కూడా గుర్తు చేస్తుంది. కథ అందరికీ తెలిసిందే. కన్యాకుబ్జంలో చక్కగా చదువుకున్న బ్రాహ్మణుడు దారి తప్పాడు. జూదం, దొంగతనం, అన్నీ అయ్యాయి. ఎనభై ఎనిమిదో ఏట యమదూతలు వస్తే భయంతో కడసారపు కొడుకుని పిలిచాడు. ఆ పిల్లవాడి పేరు నారాయణుడు. విష్ణుదూతలు వచ్చి అడ్డం పడ్డారు. చివరి 60 క్రెడిట్లు కూడా కాదు, చివరి నాలుగక్షరాలు చూసి సీటిచ్చినట్టే ఉంటుంది.

నాకు మొదటి నుంచీ ఈ కథలో యమదూతల పక్షమే న్యాయంగా కనిపించేది. వాళ్లేమీ క్రూరంగా మాట్లాడరు. ధర్మం ఏది, అధర్మం ఏది, సాక్షులెవరు అని వరసగా చెబుతారు. సూర్యుడు, అగ్ని, గాలి, పగలు, రాత్రి అన్నీ చూస్తూనే ఉన్నాయంటారు. ఒక్క కేకతో లెక్క మాఫీ అయితే బుద్ధిగా బతికినవాళ్లు వెర్రివాళ్లా?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలోది కాదు. నా పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలిది 8.9. నాలుగేళ్లలో ఒక్క సబ్జెక్టు తప్పలేదు. నాకు ఆ అర్థం కాని సబ్జెక్టు చివరికి చెప్పింది కూడా తనే. వాళ్ల నాన్న దింపు కార్మికుడు, చెట్టెక్కితేనే ఆ రోజు కూలి. బ్యాంకు లోనుకి తాకట్టు పెట్టడానికి వాళ్లకి ఏమీ లేదు. తను రాజమండ్రిలో ఒక షాపులో లెక్కలు రాస్తోంది. 6.2 దరఖాస్తులు పెడుతోంది, 8.9 బిల్లులు కొడుతోంది. చిత్రగుప్తుడి దగ్గర దీనికి ఏ పద్దు ఉందో నాకు తెలీదు.

భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు నా తరఫున అడిగినట్టే ఒక ప్రశ్న అడుగుతాడు. శ్రద్ధతో మొదలుపెట్టి మధ్యలో జారిపోయినవాడు చెదిరిన మబ్బులా రెంటికీ చెడిపోతాడా? చెడిపోడు అంటాడు కృష్ణుడు. మళ్లీ పుట్టి, ఆపిన చోట అందుకుంటాడు. ఎక్కడ పుడతాడు? శుచులూ శ్రీమంతులూ అయినవాళ్ల ఇంట్లో. ఎన్నిసార్లు విన్న మాటో. ఈసారి శ్రీమంతులు అన్న దగ్గర ముల్లు గుచ్చుకుంది. రెండో అవకాశానికి ఒక ఇల్లు కావాలి, ఆ ఇంట్లో కాస్త కలిమి కావాలి. మాకు రెండెకరాల తోట, ఈ అటకా ఉన్నాయి. మేం శ్రీమంతులం కాదు గానీ నా స్నేహితురాలి ఇంటి వైపు నుంచి చూస్తే ఔను.

మామ్మతో ఇదంతా వాదిస్తే ఆవిడ యమదూతలని తప్పు పట్టలేదు. "వాళ్లన్నదీ నిజమేనే. కానీ నువ్వు కథ సగంలో లేచి వెళ్లిపోయావ్. అజామిళుణ్ణి అప్పుడే వైకుంఠానికి తీసుకుపోయారనుకున్నావా?" అంది.

నిజంగానే నేను అలా అనుకున్నాను. చాలామంది అలాగే అనుకుంటారు. మామ్మ పుస్తకం తెచ్చి చూపించింది. ఆ రోజు విష్ణుదూతలు యమపాశం తెంచి మాయమైపోయారు. అంతే. ముసలివాడు అదే మంచం మీద, అదే ఇంట్లో మిగిలాడు. తన బతుకంతా తలుచుకుని కుమిలిపోయాడు. అన్నీ వదిలి గంగాద్వారానికి వెళ్లి, ఇంద్రియాల్ని అదుపులో పెట్టుకుని సాధన చేశాడు. ఆ తర్వాతే విమానం వచ్చింది. పేరు పలికినందుకు అతనికి దొరికింది వైకుంఠం కాదు, గడువు.

క్షమ అంటే పాత అంకె చెరిపేయడం అనుకుని ఇన్నాళ్లూ గొడవపడ్డాను. నా మెమోలో 6.2 ఏ దేవుడూ 8 చేయడు, చేయకూడదు కూడా. అలా చేస్తే 8.9కి విలువేది? క్షమ గడువే అయితే యమదూతల లెక్క అలాగే ఉంటుంది, నా స్నేహితురాలి లెక్కా చెడదు. గడువు దేనికీ తీర్పు కాదు. తర్వాత ఏం చేస్తావో చూస్తాం అనడం, అంతే.

అబద్ధం ఎందుకు పనికిరాదో కూడా అప్పుడే అర్థమైంది. గడువు అడిగేవాడు తానెక్కడ ఉన్నాడో చెప్పాలి. లేని గుండెపోటు రాస్తే వాళ్లు గడువిచ్చేది నాకు కాదు, నేను కల్పించిన ఇంకో అమ్మాయికి. ఆవిడ వెళ్తుంది, చదవలేక మళ్లీ సిగ్గుపడి గదిలో పడుకునేది నేను. అజామిళుడు కూడా అబద్ధం ఆడలేదు. దేవుణ్ణి మెప్పిద్దామని పిలవలేదు, నిజంగా భయపడి నిజంగా కొడుకునే పిలిచాడు.

అబద్ధం ఒక్క వాక్యంతో ఆగదన్నది మన పిల్లలు చూసిందే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే బూటకపు యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు నేను చిన్నపిల్లని. కాళ్లకి రేడియో పట్టీలు కట్టిన తెలుగు విద్యార్థుల్ని టీవీలో చూసి మామ్మ అన్నం తినలేదు. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ అయితే అసలు యూనివర్సిటీయే కాదు, అమెరికా అధికారులు వేసిన వల. అందులో చేరిన పిల్లలంతా చెడ్డవాళ్లని నేననను. మోసపోయినవాళ్లూ ఉన్నారు. గడువు అడగడానికి బదులు దగ్గరిదారి అడిగితే దారి చూపేవాళ్లు దొరుకుతూనే ఉంటారని మాత్రం అనగలను.

దేవుడి దగ్గరికి వెళ్లలేదా అంటే, వెళ్లాను. మాకు అయినవిల్లి దగ్గర. పరీక్షల ముందు సిద్ధి వినాయకుడి దగ్గర లక్ష పెన్నులు పెట్టి పిల్లలకి పంచుతారు. ఇంటర్‌లో నాకూ ఒకటి వచ్చింది. చిల్కూరు బాలాజీ గుడికి వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వస్తే నూట ఎనిమిది అని మొక్కుకునేవాళ్లని చూసి ఇదివరకు నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వను. దేవుడి దగ్గర పెన్ను పెట్టడం తప్పు కాదు, ఆ పెన్నుతో ఏం రాస్తామన్నదే ముఖ్యం. ఆ ఇంటర్ పెన్ను వెతికి తీశాను, సిరా ఎండిపోయింది. రీఫిల్ వేసి ముందు కాగితం మీద రాసుకున్నాను.

ఆరు వాక్యాలు వచ్చాయి. మొదటి రెండేళ్లు నేను సరిగ్గా చదవలేదు. అర్థం కానప్పుడు అడగలేదు. దీనికి ఇంట్లో పరిస్థితులు కారణం కావు. మూడో ఏడాది ఒక స్నేహితురాలి దగ్గర కూర్చుని మొదటి నుంచి నేర్చుకున్నాను. అప్పటి నుంచి మార్కులు ఇవి, చేసిన ప్రాజెక్టు ఇది. అర్థం కానిది ఇప్పుడు ఆ రోజే అడుగుతాను.

ఏడు చోట్లకి పంపాను. ఐదు వద్దన్నాయి. ఒకటి ఇంతవరకూ పలకలేదు. ఒక అమెరికా యూనివర్సిటీ షరతు మీద సీటిచ్చింది. మొదటి సెమిస్టర్‌లో సగటు 3 కంటే తగ్గితే వెనక్కి రావాలి. 2023–24లో ఆ దేశంలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, అప్పటికి 2009 తర్వాత తొలిసారి చైనాని దాటారు. అంతమందిలో ఎందరు ఇలాంటి షరతు కాగితంతో విమానం ఎక్కారో.

స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్పాను. సంతోషించింది, నిజంగానే. తర్వాత కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దానికి నా వేదాంతంలో ఇప్పటికీ జవాబు లేదు. గడువు ఊరికే రాదు, ఎవరో ఒకరు దాన్ని భరించాలి. ఏడాది పాటు కాయని అటక మీద ఉంచాలంటే ఆ డబ్బు అక్కడే ఇరుక్కుపోతుంది. ఈలోగా ధర పడిపోతే నష్టం మనదే. నా కోసం ఒకరు ఆ నష్టానికి సిద్ధపడ్డారు. తన కోసం ఎవరూ లేరు. దీన్ని కర్మ అని తేల్చేయడానికి నాకు నోరు రాదు.

ఉత్తరం చదివి వినిపిస్తే నాన్నగారు నిచ్చెన మీద సగంలో ఆగి అడిగారు.

"షరతంటే ఏటమ్మా?"

"అటకెక్కించారు నాన్నగారూ."

"ఎన్నాళ్లు?"

"ఒక సెమిస్టర్. నాలుగు నెలలు."

"నాలుగు నెల్లేనా? మనం ఏడాది ఆగుతాం కదే," అని పైకెక్కి, ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. ఇంకా నీళ్లున్నట్టున్నాయి. మళ్లీ అక్కడే పెట్టేశారు.