కొలత చీటీ

మా కోవూరులో తూర్పు కిటికీలకు వేసవిని వట్టివేళ్ళ తడికెలు కట్టుట పాత అలవాటు. ఈ యేడు మేము దానికి మారుగా పెన్న దాటి నెల్లూరునుండి చెక్కపలకల తెర తెప్పించితిమి. కిటికీ వెడల్పు 47 అంగుళములు, వచ్చిన తెర 48. ఇంటియొద్దనే కోయింపవచ్చునని ఎరిగిన వడ్రంగిని పిలిచితిమి.

ఇది చూచుటకు చిన్న పని. ఒక ప్రక్కనే కోసినచో త్రాళ్ళు దూరు రంధ్రములు నడిమికి తప్పి తెర వికారముగా నుండును. గనుక రెండు కొనలను సమానముగా తీయవలెను. పలకలను దొంతిగా కట్టి, గీత మీద అంటుపట్టీ చుట్టి, సన్నపళ్ళ రంపముతో కోయనిచో అంచులు పెచ్చులూడును. పాతగోడలు నిటారుగా నుండవు గనుక కిటికీని పైన, నడుమ, క్రింద కొలిచి, తక్కువది గైకొని, తెర సుళువుగా ఆడుటకు అర అంగుళము తగ్గింతురు.

మేమును తగ్గించితిమి. చీటీమీద 46½ అని వ్రాసి ఆచారి చేతికిచ్చితిమి గాని, తగ్గించిన సంగతి చెప్పలేదు. ఆయన అది కిటికీ కొలతయే అనుకొని, పనివారి వాడుక చొప్పున మరి అర అంగుళము తగ్గించి కోసెను. బిగించగా ఇరుప్రక్కల అర అంగుళపు సందు! మేము కోపించి, ఒప్పుకొన్న 500 రూపాయలలో 200 నిలుపుకొంటిమి. "మీరిచ్చిన కొలతేనయ్యా" అని మాత్రము అని ఆయన వెళ్ళిపోయెను.

సాయంకాలము గది ఊడ్చుచుండగా ఆ చీటీ దొరికెను. వ్రాత మాదే.

ప్రియ పాఠకులారా, కూలివాని కూలి మరునాటి వరకు ఉంచుకొనరాదనుటయు, కొలకఱ్ఱలో అన్యాయము చేయరాదనుటయు లేవీయకాండము 19వ అధ్యాయముననే, 13, 35 వచనములలో నున్నవి. రెండవదానిని మనము బజారులోని వర్తకునికి వదలి చదువుచుందుము. మా కొలతలో మోసము లేదు, పొరపాటే. అయితే చీటీ చూచిన తరువాత కూడ ఆ 200 మా పెట్టెలోనే యున్నవి. దానిని పొరపాటనుటకు నోరు రాదు.

ఆయనయు ఒక మాట అడుగవలసినది గదా అందురు. కొంత నిజమే. అయితే డబ్బిచ్చువాడు వ్రాసియిచ్చిన అంకెను పనివాడు ప్రశ్నించిన మనలో ఎందరము సహింతుము? తప్పు సగము సగమనుకొన్నను, ఆ వాటా తేల్చినదెవరు? సొమ్ము చేతనుంచుకొని వాదియు న్యాయాధిపతియు మేమే అయితిమి. అర అంగుళము లెక్క తెలియజెప్పలేని మేము తప్పు లెక్కను మాత్రము గడియలో కట్టితిమి!

ఆచారి ఇల్లు మాకు నాలుగిండ్ల దూరము. అక్కడికి పోవుటకు మాకు మూడు దినములు పట్టెను. ఆయన డబ్బు లెక్కించకయే జేబులో వేసికొని, సందు మూయుటకు రెండు సన్నపట్టెలు కొట్టవచ్చుననెను. మేము టేపు తెచ్చెదమని లేవబోగా నవ్వి, "ఈసారి కొలత నేను తీసుకుంటాలేయ్యా" అనెను.